ఒక కాలు బడిలో

పోయిన నెల ఆదిలాబాదులో నాకు శాలువా కప్పారు. నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి పెద్దమనిషి నా గురించి మాట్లాడుతున్నంతసేపూ నేను శాలువా అంచు తడిమి చూస్తూ కూర్చున్నాను. పోగు పల్చనిదే కానీ రంగు నిలిచేదే. ఆయన మాటల్లో మాత్రం రంగు ఎక్కువైంది. ఈ మాస్టరుగారు పడుచు వయసులో అడవి గూడేనికి వెళ్లి, గోండి నేర్చుకుని, గోండు పిల్లలకు వాళ్ల మాటలోనే పాఠం చెప్పిన మహానుభావులు అన్నాడు. హాలంతా చప్పట్లు.

ఆ చప్పట్లు అయీ కాకముందే వెనక వరసలో ఎవరో గొంతు తగ్గించి ఏదో అన్నారు. అక్కడ కూర్చున్న తలపాగాల ముసలివాళ్లందరూ ఒక్కసారి నవ్వారు. నవ్వి, వెంటనే నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

ఆ నవ్వు నేను ఎరుగుదును. పదిహేనేళ్ల కిందట, పోలీసు యాక్షన్ అయిన రెండు మూడేళ్లకు, ఖానాపూర్ దాటి అడవిలో ఒక గడ్డికప్పు బడిలో అచ్చం అలాంటి నవ్వే విన్నాను. ఆ నవ్వు పుట్టించిన మనిషి గురించి ఇప్పుడైనా నిజం రాయకపోతే ఆ శాలువా నా మెడమీద ఉరితాడులా ఉంటుంది.

ఆమె పేరు నాకు తెలియదు. ఊళ్లో చిన్నాపెద్దా అందరూ కాకో అనేవారు. గోండిలో అమ్మమ్మ అని అర్థం. బడికి వచ్చే పిల్లలందరికీ ఆమె కాకోనే, అయినా సొంత మనవడు ఒక్కడే. నేను మాత్రం అవ్వా అనేవాణ్ని. ఆమె నన్ను మొదట పిల్లపంతులు అంది, తర్వాత పిల్ల తీసేసి పంతులు అంది. అది నా చదువు చూసి ఇచ్చిన గౌరవం కాదు. నాకు మీసం వచ్చింది.

నన్ను ఆ ఊరికి వేసినప్పటి పరిస్థితి చెప్పాలి. కరీంనగర్‌లో నేను చదివింది ఉర్దూలో. రాజ్యం మారాక చెప్పవలసింది తెలుగులో. వినవలసినవాళ్లది గోండి. నేను తెలుగు వాచకం ముందురోజు సాయంత్రం చదువుకుని మర్నాడు చెప్పేవాణ్ని. బడి అంటే తడికల గోడలు, ఒక తలుపు, మద్దిమొద్దు అడ్డంగా వేసిన గడప. ముందు వైపు జంపఖానా పరిచి ఉండేది. అది పట్వారీ ఇంటిది, దానిమీద పట్వారీ పిల్లలూ ఆయన చుట్టాల పిల్లలూ కూర్చునేవారు. వాళ్ల వెనక ఉట్టి నేల. దానిమీద గోడకు ఆనుకుని గోండు పిల్లలు. నాకు పని అప్పగించి వెళ్లిన పాత పంతులు, ఎనుకటోళ్లను ఏం అడగకు, హాజరు పలికితే చాలు అని చెప్పి బండెక్కాడు. నిజమే, వెనకవాళ్లకు బడిలో వచ్చిన మాట అదొక్కటే. హాజర్ అని గొంతెత్తి అరిచేవారు. ఆ తర్వాత సాయంత్రం దాకా నోరు విప్పేవారు కాదు.

వెనక కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలియదని కాదు. కరీంనగర్ బడిలో నేనూ వెనకే కూర్చున్నాను. సాలెపోరగానికి ఉర్దూ నోరు తిరగదు, మగ్గమే దిక్కు అని మా ఉస్తాదు రోజూ అనేవాడు. అయితే మనిషికి ముందుకు రాగానే వెనక్కి చూసే అలవాటు పోతుంది. పైగా పట్వారీ ఇంటి నుంచి నాకు పొద్దున్నే చెంబెడు ఆవుపాలు వచ్చేవి.

అలా హాయిగా నడుస్తున్న బడికి ఒకరోజు ఆమె వచ్చింది. మనవణ్ని చెయ్యి పట్టుకుని తెచ్చి వెనక కూర్చోబెట్టి, తాను గడపమీద కూర్చుంది, గుర్రం ఎక్కినట్టు ఒక కాలు బడిలో, ఒక కాలు బయట. ఆకుచుట్ట వెలిగించింది. పొగ లోపలికి రాకుండా మొహం బయటికి తిప్పి వదిలింది. ఆ మర్యాద మాత్రం చివరిదాకా తప్పలేదు.

"అవ్వా, గిది బడి. నువ్వెందుకు కూసున్నవ్?" అన్నాను.

"నీ మాట వీనికి తెల్వది, వీని మాట నీకు తెల్వది. నడుమ నేను కూసుంట."

"సదువు పిల్లలకు."

"నేను సదువుతనన్ననా? ఇంటికొక నోరు కావాలె పిల్లపంతులూ. మా ఇంట్ల ఉన్నది ఒక్కటే, గదీ ముసలిదైంది. జంగలాత్ జవాను వచ్చినా, పట్వారీ వచ్చినా నన్నే ముంగట నిలవెడ్తరు. నేను సచ్చినంక ఎవలు మాట్లాడాలె? వీడు రెండేండ్ల సంది హాజర్ హాజర్ అంటుండు. జవాను గొడ్డలి గుంజుకుంటుంటే హాజర్ అంటడా?"

జంగలాత్ అంటే అడవి శాఖ, దాని జవాన్లు గొడ్డలి కనబడితే లాక్కునేవారు. కూర్చోనిచ్చాను.

ఆమెకు తెలుగు వచ్చింది ఖానాపూర్ అంగట్లో. ఇప్పపువ్వూ చింతపండూ అమ్మి అమ్మి నేర్చుకున్న తెలుగు కాబట్టి, తెలుగు మాట్లాడే ప్రతి మనిషీ తనను తూకంలో మోసం చేయబోతున్నాడన్నట్టే వినేది. నేను ఒక వాక్యం చదివితే తల పక్కకు వాల్చి చూసేది. అర్థం కాకపోతే తప్పు నాదే.

"మళ్ల అను. నోట్లె నానపెట్టకు."

నేను మళ్లీ అనేవాణ్ని. నచ్చితే తల ఊపి, చుట్ట తీసి, వెనక వరసకు గోండిలో చెప్పేది. నా వాక్యం పొట్టిదైతే ఆమెది పొడుగు, నాది పొడుగైతే ఆమెది పొట్టి. సత్యమునే పలుకవలెను అన్న పాఠం వచ్చిన రోజు, ఎవలతోని అని అడిగింది. అందరితోనూ అన్నాను. జంగలాత్ జవానుతోని గూడనా అంది. నేను గడ్డం గోక్కున్నాను. ఆమె వెనక్కి తిరిగి రెండే మాటలు అంది. పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. ఆమె నవ్వుకు ఒక పద్ధతి ఉండేది. ముందు భుజాలు కదిలేవి, చాలాసేపటికి ముందుపళ్ల సందులోంచి సన్నని ఈల వచ్చేది. ఆ ఈల వినబడితే నా పాఠానికి ఏదో అయిందని లెక్క.

ముంజేతుల నిండా, పిక్కల నిండా పచ్చబొట్లు ఆమెకు. ఒకసారి ఎవడో పిల్లవాడు పలకమీద ఉమ్మేసి చెరిపితే, ఆమె బడిలో ఉన్న కాలు ముందుకు చాపి పిక్క చూపించింది. "నా సదువు గిది. వానకు పోదు, చెమటకు పోదు, సచ్చినంక నాతోనే వస్తది. మీది ఉమ్మేస్తే పాయె." ఆ మాట తెలుగులోనే అంది, నాకోసం.

అసలు గొడవ ఆవుతో మొదలైంది. ఆవు మనకు పాలిచ్చును అని చదివాను. ఆమె చుట్ట నోట్లోంచి తీసింది.

"ఎవలకు?"

"మనకు."

"మళ్ల అను."

"మనకు అవ్వా."

"మీకెందుకు ఇస్తదయ్యా? నువ్వేమన్న దాని కడుపుల పుట్టినవా?"

ఆ రోజుల్లో అక్కడి గోండులు ఆవును పితికేవారు కాదు. పాలు దూడవి. అవి తాగడమంటే పసిపిల్ల నోటి దగ్గరిది లాక్కున్నట్టే. ఇదేదీ నాకు తెలియదు, వాచకం రాసిన వారికీ తెలియదు. ఆమె ఆ రోజు చాలాసేపు చెప్పింది. బయట కట్టేసిన దూడను చూపింది, పట్వారీ ఇంటి వైపు చెయ్యి చాచింది, చివరికి బడి పక్కనే ఉన్న నా గది గుమ్మంలో బోర్లించిన చెంబు చూపింది. వెనక వరస మొత్తం నావైపు తిరిగింది. దొంగను చూసినట్టు చూస్తే బాగుండేది. మీసాలు వచ్చినా పాలు మానని వాణ్ని చూసినట్టు జాలిగా చూశారు. ఈల వినబడింది.

అప్పుడు నేను ఎన్నడూ చూడనిది జరిగింది. జంపఖానామీది పిల్లలు వెనక్కి తిరిగి, ఏమన్నది, ఏమన్నది అని అడగడం మొదలుపెట్టారు. బడి పుట్టాక ముందువాళ్లకు తెలియనిది వెనకవాళ్లకు తెలియడం అదే మొదలు. వెనకవాళ్లు చెప్పలేదు. బతిమాలించుకున్నారు. బెల్లంముక్కలు చేతులు మారాయి. కాకో ఏం చెప్పి నవ్విస్తోందో వినడానికి పట్వారీ చిన్నకొడుకు జంపఖానాను రోజు కొంచెం వెనక్కి లాగేవాడు. వానలు పడేనాటికి అది గోడ దగ్గరికి చేరింది. నా ముందు ఉట్టి నేల మిగిలింది.

ఒకరోజు పట్వారీ స్వయంగా చెంబు పట్టుకుని నా గదికి వచ్చాడు. చెంబు ఖాళీగా ఉంది.

"పంతులూ, మా పోరగాండ్లు ఇంట్ల గోండిల తిట్టుకుంటున్నరు. పోనీ అనుకున్న. మా చిన్నోడు పాలు ముడుతలేడు. దూడ ఉసురు తగుల్తదట."

నవ్వు ఆపుకోవడం నాకు చాలా కష్టమైంది. ఆయనకు అది కనబడింది. మర్నాటి నుంచి నాకు పాలు బంద్. ఆ తర్వాత కొన్నాళ్లకే, బడిలో సదువు చెడిందని పైకి చెప్పించాడు, తనిఖీ పడింది.

ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చిన రోజున జంపఖానా మళ్లీ ముందుకు వచ్చింది, దానిపైన తెల్లటి దుప్పటి కూడా. పట్వారీ పక్కనే నిలబడ్డాడు. కాకో ఎప్పటిలా గడపమీద. సాబ్ ముందు వరసను నాలుగు ప్రశ్నలు అడిగి, ఇక లేద్దామనుకుంటూ, మర్యాదకు వెనక వైపు వేలు చూపాడు. ఆ వేలు కాకో మనవడి మీద వాలింది.

"ఆవు ఎవరికి పాలిచ్చును?"

వాడు లేచి చేతులు కట్టుకున్నాడు. వాడు అచ్చం వాచకం గొంతుతో, ఒక్క అక్షరం తడబడకుండా చెప్పాడు.

"ఆవు దూడకు పాలిచ్చును. పట్వారీ పిండును. పంతులు త్రాగును."

పట్వారీ మొహం జేవురించింది. సాబ్ మొదట అర్థం కానట్టు చూశాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. మరో రెండు ప్రశ్నలు అడిగాడు. వాడు వాటికీ చెప్పాడు. పక్కవాణ్ని అడిగితే వాడూ చెప్పాడు. సాబ్ నావైపు తిరిగి, ఈ చుట్టుపక్కల ఏ బడిలోనూ వెనక వరస నోరు విప్పగా తాను వినలేదనీ, ఇది ఎలా సాధ్యమైందనీ, నువ్వు గోండి నేర్చుకున్నావా అనీ ఉర్దూలో అడిగాడు.

నేను గడప వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. అంగట్లో తిరిగిన మనిషి, ఆ మాత్రం ఉర్దూ ఆమెకూ తెలుసు.

"జీ సాబ్. నేర్చుకున్న" అన్నాను.

ఆమె చుట్ట తీసింది. వెనక వరసకు గోండిలో ఒక్క మాట చెప్పింది. పిల్లలు గొల్లున నవ్వి, మరుక్షణం నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. సాబ్ ఉన్నంతసేపూ ఒక్కడూ నా వైపు చూసి పెదవి కదపలేదు. ఎందుకు నవ్వుతున్నారని సాబ్ అడిగాడు. సంతోషం సాబ్ అన్నాను.

నా అబద్ధాన్ని కూడా పొల్లుపోకుండా గోండిలోకి మార్చేసింది అనుకున్నాను. వేరే ఏం అనుకుంటాను? ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. పాపం చేశానని కాదు, పిల్లల ముందు పరువు పోయిందని.

వెళ్తూ వెళ్తూ సాబ్ అన్నది ఒకటే: గడ్డికప్పు కింద చుట్ట నిప్పు జాగ్రత్త. నేను దాన్నే సాకుగా పట్టుకున్నాను. మర్నాడు ఆమె గడపమీద కూర్చోబోతుంటే, పెద్దలు బడిలో కూర్చోవద్దని ఇన్‌స్పెక్టర్ సాబ్ హుకుం అన్నాను.

"సాబు హుకుమా, నీ హుకుమా?"

"సాబ్‌ది."

"మళ్ల అను. నోట్లె నానపెట్టకు."

నేను వాచకం తెరిచి అందులోకి చూశాను. ఆమె భుజాలు కదిలాయి. ఈల మాత్రం రాలేదు. "ఒక్క కాలే గద పంతులూ, నీ బడిల ఉన్నది. తీస్కపోతున్న" అని ఆ కాలును రెండు చేతులతో ఎత్తి, బరువైన మూట దింపినట్టు గడప అవతల పెట్టుకుంది.

అంతటితో ఊరుకునే మనిషి కాదు. రెండో రోజున కంచె అవతల నిలబడి, నా గొంతు వినబడగానే అక్కడి నుంచి గోండిలో అరవడం మొదలుపెట్టింది. అడిగితే, బడి నీది, నోరు నాది అంది. పశువులు తోలుకుపోయేవాళ్లు, కట్టెలు తెచ్చేవాళ్లు, అందరూ ఆగి పాఠం వినేవారు. కొన్నాళ్లు ఊరు మొత్తం రెండో తరగతి చదివింది.

కానీ వాన గట్టిపడింది. గడ్డికప్పుమీద హోరు. కంచె దగ్గర ముసలి గొంతు దానితో ఎంతసేపు పోటీ పడుతుంది? నేను వాక్యం చదివి ఆగేవాణ్ని, అలవాటుగా. బయటి నుంచి ఏమీ వచ్చేది కాదు. వెనకవాళ్లు నా మొహం చూసేవారు, తర్వాత నేల చూసేవారు. మళ్లీ హాజర్ ఒక్కటే మిగిలింది. జొన్న కోతలు వచ్చేసరికి అదీ పోయింది. ఒక్కొక్కరే పశువుల వెంట వెళ్లారు. కాకో మనవడు ఒక్కడు మిగిలాడు. వాడు గోడ దగ్గర కూర్చోవడం మానేసి గడపమీద కూర్చునేవాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. లోపలికి రా అని నేను అనలేదు. విన్న పాఠం సాయంత్రం ఇంటికెళ్లి ఆమెకు అప్పజెప్పేవాడట.

సాబ్ మంచి రిపోర్టు రాశాడు. గోండి నేర్చిన పంతులు అన్న పేరు నాకంటే ముందు కరీంనగర్ చేరింది. దాని పుణ్యాన సొంత జిల్లాకు బదిలీ అయింది. ఆ పిల్లలు ఎందుకు మానేశారని తర్వాత ఎవరైనా అడిగితే, అడవి జనం కదా, చదువు ఒంటబట్టదు అనేవాణ్ని. మా ఉస్తాదు నా గురించి అన్నదే, జాతి మార్చి.

పోయిన నెల ఆ సభ అయ్యాక శాలువాతోనే వెనక వరసకు వెళ్లాను. ముసలివాళ్ల మధ్య ఒక యువకుడు లేచి నిలబడ్డాడు. ముందుపళ్ల సందు చూడగానే కాకో మనవడని తెలిసింది. భూమి సంగతి మాట్లాడడానికి కలెక్టరాఫీసుకు వచ్చారట. కలెక్టర్ సాబ్ సాయంత్రం కలుస్తాడు, అందాకా హాల్లో కూర్చోండి, వెనక కుర్చీలు ఖాళీ ఉన్నాయని ఎవరో పంపారట. వాడు అయిదో తరగతి దాటలేదు. అయినా ఏ ఆఫీసుకు వెళ్లాలన్నా చుట్టుపక్కల గూడేలు వాణ్నే ముందు పెట్టుకుంటాయని ఒక ముసలాయన చెప్పాడు. కాకో పోయిన ఎండాకాలం, ఇప్పపువ్వు రాలే రోజుల్లో పోయిందట. పోయేదాకా వాడు ఆఫీసులో ఏం మాట్లాడి వచ్చాడో అప్పజెప్పించుకునేదట. నానపెట్టకు అనేదట.

"ఇందాక ఏమన్నవ్, అందరు నవ్విండ్రు?" అని అడిగాను.

వాడు నా శాలువా వైపు చూశాడు. "సార్‌కు గోండి వస్తదన్నరు గద?"

నేను శాలువా అంచు సర్దుకున్నాను. వాడికే జాలి కలిగింది.

"ఆనాడు ఇన్‌స్పెక్టర్ సాబ్ ముంగట కాకో అన్నదే అన్న సార్."

"నన్ను అబద్దాలకోరన్నది. అంతే గద?"

"కాదు సార్." వాడు ముసలివాళ్ల వైపు ఒకసారి చూసి నెమ్మదిగా తెలుగులో చెప్పాడు. "పంతులు మన మాట వచ్చని చెప్పిండు. సాబు పొయ్యేదాక ఎవ్వరు పంతులుతోని మన మాటల మాట్లాడకుండ్రి, పాపం దొరికిపోతడు. గిదే అన్నది. ఇయ్యాల గూడ గందుకే చెప్పిన. వీళ్లు మీ దగ్గరికొచ్చి గోండిల రెండు ముచ్చట్లు పెడ్తమంటుండ్రి."

ముసలివాళ్లు తల ఊపారు. నోళ్లకు చేతులు ఇంకా అడ్డంగానే ఉన్నాయి, నా పరువు కోసం.

కాకో ఉంటే మళ్ల అను అనేది. నోట్లె నానపెట్టకు అనేది. అందుకే పదిమంది చదివేచోట రాస్తున్నాను. ఆ బడిలో పాఠం చెప్పింది గడపమీద కూర్చున్న ఆమె. నాకు గోండి రాదు.